బేస్‌మెంట్ సెనేటర్ గారు

ఒట్టు పెట్టుకోకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పారు. అందుకని ఒట్టు పెట్టడం లేదు. అమెరికా పౌరుణ్ణయిన రోజున జడ్జిగారి ఎదుట ఎత్తిన కుడిచెయ్యి ఇదే. దాన్నే ఇప్పుడు మళ్ళీ ఎత్తి, గుండెల నిండా గాలి పీల్చుకుని, గంభీరంగా చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి ముక్కా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే పేజీ తిప్పేస్తారనీ తెలుసు. మిచిగన్‌లో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా పేరెత్తితే "ఆ కోతలరాయుడా?" అంటారు. సరస్సు మీద గడ్డకట్టిన మంచుకు కన్నం పెట్టి నేను పట్టిన చేప కథ, చేప కంటే వేగంగా పెరిగిన మాట వాస్తవమే. కానీ ఇది వేరు. ఇందులో మనిషి పోయారు. పోయినవాళ్ళ మీద నేను కోతలు కొయ్యను.

పోయిన వారం నేపర్‌విల్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల.

"అంకుల్, డాడీ పాసవే అయ్యారు. స్లీప్‌లోనే. ఫ్యూనరల్‌లో మీరు కొంచెం స్పీక్ చెయ్యాలి అని మమ్మీ చెప్తుంది."

"తప్పకుండా వస్తానమ్మా."

"బట్ ట్రూ స్టోరీ ఓన్లీ అంట, అంకుల్. మమ్మీ టూ టైమ్స్ చెప్పింది."

వెళ్ళాను. ట్రూ స్టోరీ ఓన్లీ అనేసరికి నాకు మాటలు కరువయ్యాయి. ఆయన మంచివారు, నిజాయితీపరులు అని, ఎవరికైనా సరిపోయే నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయాను. చెప్పకుండా మింగేసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆ పేరుతో ఇక్కడ ఎవరికీ పని పడలేదు. పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అందరికీ ఆయన సెనేటర్ గారే. నేనొక్కణ్ణే మాస్టారూ అనేవాణ్ణి, గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో సివిక్స్ చెప్పి వచ్చిన మనిషి కాబట్టి. భార్యకు డెట్రాయిట్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనక వచ్చారు. ఇక్కడ కార్ల విడిభాగాల గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నట్టు మెడ కాస్త ముందుకు చాచి ఉండేవారు. చెవులు కప్పే బొచ్చు టోపీ అక్టోబరులో తలకెక్కితే ఏప్రిల్‌లో దిగేది, ఇంట్లో ఉన్నా సరే. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు కోటు పైగుండీ పెట్టుకునేవారు. ఆ గుండీ మీదికి చెయ్యి వెళ్ళిందంటే మేం చేతిలో పళ్ళెం కింద పెట్టేసేవాళ్ళం. ఆయన మాట్లాడితే కూర చల్లారిపోతుంది.

ఎదుటివాళ్ళు ఎవరైనా సరే ఆయనకు సభ్యులే. "గౌరవ సభ్యులు ఉప్పు ఇటు అందించాలి" అనేవారు. ఇంట్లో కూడా అంతే. వాళ్ళావిడ నైట్ డ్యూటీ చేసి తెల్లబూట్లతోనే సోఫాలో కూలబడి, "ఏవండీ, ఇవ్వాళ పప్పా, చారా? మీ సభ తీర్మానం ఏవిటి?" అని అడిగేది. ఆయన పప్పంటే ఆవిడ చారనేది. "రెండు సభలూ విభేదించాయి. ఉమ్మడి సమావేశం పెట్టాలి," అనేవారు ఆయన. "పెట్టండి. నేను పడుకుంటున్నా," అని ఆవిడ ముసుగు తన్నేది. చివరకు ఆయనే లేచి ఆమ్లెట్ వేసేవారు.

ఈ సభల పిచ్చి ఎలా పట్టిందో నేను కళ్ళారా చూశాను. డెబ్భై ఎనిమిది చివర్లో, సెనేట్ ఎన్నికల రోజుల్లో, ఒక శనివారం వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. తలుపు కొట్టిన చప్పుడు. గుమ్మంలో ఒక కాలేజీ అమ్మాయి, చేతిలో కరపత్రాలు. ఫలానా ఆయన సెనేట్‌కు నిలబడ్డారు, మీ ఓటు కావాలంది. ఓటు మాకు లేదని, మేం ఇంకా పౌరులం కాలేదని చెబితే సరిపోయేది. ఆయన ముందు కోటు వెతుక్కుని తొడుక్కుని, పైగుండీ పెట్టుకున్నారు.

"మేడమ్, యూ హావ్ కమ్ టు ది రాంగ్ హౌస్," అన్నారు. "యూ మస్ట్ గో టు లాన్సింగ్ అండ్ ఆస్క్ ది లెజిస్లేటర్స్."

రాష్ట్ర రాజధానికి వెళ్ళి శాసనసభ్యుల్ని అడుక్కోమని ఆయన చెబుతున్నారని నాకర్థమైంది గానీ ఆ పిల్లకు కాలేదు. జనమే ఓటేస్తారు సార్ అంది. కాదన్నారు. ఔనంది. ఆ పిల్లను చలిలో నిలబెట్టి, మా దేశంలో రాజ్యసభ సభ్యుణ్ణి ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారనీ, పెద్దల సభను జనం ఎన్నుకుంటే అది పెద్దల సభ ఎలా అవుతుందనీ పాఠం చెప్పారు. అమ్మాయి కరపత్రం గుమ్మంలో పెట్టి, ఎందుకైనా మంచిదన్నట్టు వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

"మాస్టారూ, ఇక్కడ జనమే ఎన్నుకుంటారు. రోజూ టీవీలో మొత్తుకుంటున్నారు కదా," అన్నాను.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళారు. మర్నాడు ఆదివారం, చర్చిలో ఆరాధన అవుతుండగా వెనక బెంచీలోంచి నా చెవిలోకి వంగారు. ముఖం వెలిగిపోతోంది.

"తమ్ముడూ, 1913 దాకా శాసనసభలే ఎన్నుకునేవి. తర్వాత రాజ్యాంగం సవరించారు. నేను తప్పు చెప్పలేదు. ఆలస్యంగా చెప్పాను, అంతే."

ఆ రోజు నుంచి ఆ పాతపద్ధతి ఆయన సొంత ఆస్తి అయిపోయింది. ఎక్కడ ఇద్దరు నిలబడి కాఫీ తాగుతున్నా మూడోవారుగా చేరి అదే చెప్పేవారు. ముందు రెండు సభలూ విడివిడిగా ఓటేస్తాయి. రెండూ ఒకే మనిషిని ఎన్నుకుంటే సరి. లేకపోతే మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి రెండు సభలూ కలిసి కూర్చోవాలి. సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే, వచ్చేదాకా రోజూ కూర్చోవాలి, రోజూ ఒక్క ఓటన్నా వేసి తీరాలి. "అప్పటికీ తేలకపోతే?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఆయన ఎదురుచూస్తుండేవారు. "తేలకపోతే కుర్చీ ఖాళీ! డెలావేర్ రాష్ట్రం కొంతకాలం ఇద్దరు సెనేటర్లూ లేకుండా గడిపింది!" అని, సొంతబిడ్డ గొప్ప చెప్పుకున్నట్టు చెప్పేవారు. అలా సెనేటర్ గారయ్యారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ పద్ధతి మా నెత్తికి వచ్చేదాకా.

మాది అప్పట్లో చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. మొదట్లో ఇంజినీరు గారింటి బేస్‌మెంట్‌లో ఆరాధన జరిగేది. ఆయన కార్ల కంపెనీలో డిజైన్ ఇంజినీరు. ఒక క్రిస్మస్‌కు మా డోలక్ చప్పుడూ వీధి పొడుగునా మా కార్లూ చూసి పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. తర్వాత ఒక అమెరికన్ చర్చి వాళ్ళు దయతలచి, ఆదివారం మధ్యాహ్నాలు వాడుకోమని తమ బేస్‌మెంట్ హాలు ఇచ్చారు. హాలుతో పాటు వాళ్ళ బోర్డులో మాకొక కుర్చీ కూడా ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చునే బ్రదర్‌కు ఎనభై రెండులో ఉద్యోగం పోయింది. అప్పుడు ఇక్కడ చాలామందికి పోయింది. ఆయన హ్యూస్టన్ వెళ్ళిపోయారు. కుర్చీ ఖాళీ అయింది.

"డాక్టరు గారిని పెట్టేద్దాం. ఇంగ్లీషు బాగా మాట్లాడతారు," అన్నారొకరు.

"ఇంజినీరు గారు ఏం తక్కువ?" అని ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది.

సెనేటర్ గారి చెయ్యి పైగుండీ మీదికి వెళ్ళింది.

మా హాల్లో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చునేవాళ్ళు, మన దగ్గరి అలవాటు. ఆయనకు అది రెండు సభలుగా కనిపించింది. "ఒక సభ ఇక్కడ, ఒక సభ అక్కడ. విడిగా ఓటేద్దాం. కుదరకపోతే ఉమ్మడిగా, ఆదివారం ఆదివారం, ఆరాధన కాగానే. ఓటు పడ్డాకే భోజనం," అన్నారు. అందరూ సరేనన్నారు. మగవాళ్ళు తామే గెలుస్తామనుకున్నారు. ఆడవాళ్ళకు జీవితంలో మొదటిసారి తమకంటూ ఒక సభ దొరికింది. ఆయన అధ్యక్షులు, నేను లెక్కపెట్టేవాణ్ణి. మా ఇద్దరికీ ఓటు లేదు.

మగవాళ్ళ సభ డాక్టరు గారిని ఎన్నుకుంది. ఆడవాళ్ళ సభ ఇంజినీరు గారిని ఎన్నుకుంది. డాక్టరు గారు కనబడ్డ ప్రతి ఆడమనిషికీ నెయ్యి మానెయ్యమని చెప్పేవారు. ఇంజినీరు గారు ఆరాధన అయ్యాక మంచులో నిలబడి, స్టార్ట్ కాని ప్రతి కారుకూ కేబుల్స్ తగిలించి స్టార్ట్ చేసిపెట్టేవారు. ఆడవాళ్ళకు ఎవరు ఎందుకు నచ్చారో వేరే చెప్పక్కర్లేదు. డాక్టరు గారి భార్య కూడా తమ సభ తీర్మానానికే కట్టుబడింది.

ఉమ్మడి సమావేశంలో బొచ్చుటోపీ తిరగేసి చీటీలు వేయించారు. ఇటెంతో అటంతే. మిగిలింది ఒక్క చీటీ. విప్పి చూసి నేను చదవలేక ఆయన చేతికిచ్చాను. దాని మీద వణుకుతున్న అక్షరాలతో 'యేసుప్రభువు' అని ఉంది.

ఎవరు రాశారో అడగక్కర్లేదు. ముందు వరసలో మామ్మగారు నిటారుగా కూర్చుని ఉన్నారు. కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దావిడ. వయసులో ఉండగా బైబిల్ ఉమన్‌గా ఊరూరా కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి.

"అమ్మా," అన్నారు సెనేటర్ గారు వినయంగా, "అభ్యర్థి ఎన్నికయ్యేనాటికి ఈ కౌంటీలో కాపురం ఉండాలి. రాజ్యాంగంలో నివాసం నిబంధన ఉంది."

"ఆయన అంతటా ఉన్నాడు, నాయనా. మీ కౌంటీలో లేడా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఉన్నారు. కానీ బోర్డు మీటింగుకు హాజరై చెయ్యెత్తాలి కదమ్మా," అన్నారు.

"నాకు ఆయన తప్ప నాయకుడు లేడయ్యా. వేరే పేరు రాయలేను."

ఆ చీటీ చెల్లదన్నారు. ఎన్నిక జరగలేదన్నారు. భోజనం వడ్డించమన్నారు.

ఆ నవ్వు మొదటి ఆదివారంతోనే సరి. రెండో ఆదివారం అవే ఓట్లు. మూడో ఆదివారం అవే. ఎవరూ ఒక్క చీటీ ఇటునుంచి అటు కదలనివ్వలేదు. మామ్మగారి ప్రభువూ కదల్లేదు. ఆకలికి పిల్లలు ఏడుస్తుంటే ఒక తండ్రి "మీ అమ్మనడుగు, ఆవిడ సభ ఒప్పుకుంటే అన్నం వస్తుంది" అనడం విన్నాను. మొగుడూ పెళ్ళాలు ఒకే కారులో మాట్లాడుకోకుండా వచ్చి, మాట్లాడుకోకుండా వెళ్ళేవాళ్ళు. పాట ఎత్తుకుంటే కుడివైపు ఒక శ్రుతి, ఎడమవైపు ఒక శ్రుతి. "వందనాలండీ" అనడం మానేసి తలాడించడం మొదలుపెట్టారు.

అప్పుడే పైచర్చి పాస్టరు గారు మెట్లు దిగి వచ్చారు. మంచివారు, మా పులిహోరంటే ప్రాణం. సెనేటర్ గారినీ నన్నూ పక్కకు పిలిచి చెప్పారు. ఎవరో పిల్లల డేకేర్ పెడతామని వచ్చారట. హాలుకు అడ్డగోడలు కట్టి గదులు చేస్తారట. మార్చిలో ఫలానా ఆదివారం సాయంత్రం అయిదింటికి బోర్డు ఓటు. డేకేర్ కావాలనేవాళ్ళు ఎందరో, మన తెలుగువాళ్ళకే ఉండాలనేవాళ్ళూ అందరే. సమానమైతే ఛైర్మన్ తేలుస్తాడు, ఆయన డేకేర్ వైపు.

"సో యువర్ వోట్ డిసైడ్స్ ఇట్. ప్లీజ్, సెండ్ సమ్‌వన్," అన్నారు పాస్టరు గారు. "ఎనీవన్."

ఎనీవన్! ఆ మాట వినగానే సెనేటర్ గారి ముఖంలో రంగు పోయింది. ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. కుర్చీ ఖాళీగా ఉంటే హాలు పోతుంది, ఆ ఖాళీ ఆయన పద్ధతి పుణ్యమే.

చెబితే కరుగుతారనుకున్నాం. చెప్పాక ఇంకా బిగిసిపోయారు. హాలు మీద అంత ప్రేముంటే మీరే తగ్గొచ్చుగా అని ఇటు, మీరే తగ్గొచ్చుగా అని అటు. డాక్టరు గారు తప్పుకుంటానంటే మగవాళ్ళు ఒప్పుకోలేదు. ఇంజినీరు గారు తప్పుకుంటానంటే ఆడవాళ్ళు ఆయన భార్య చేతనే తిట్టించారు.

ఆ ఆదివారం రానే వచ్చింది. బయట వర్షం, మంచు కలిసి పడుతున్నాయి. ఆరాధన తొందరగా ముగించారు. మూడున్నరకు ఒక ఓటు. అవే లెక్కలు. నాలుగింటికి ఇంకోటి. అవే. వంటకాల గిన్నెలు మూతల కింద చల్లారుతున్నాయి, ఎవరికీ వాటి ధ్యాస లేదు. పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు మా నెత్తిమీద మొదలైంది.

డాక్టరు గారు లేచారు. "సెనేటర్ గారూ, ఈ పద్ధతి పనికిరాదనే కదా అమెరికావాళ్ళే ఎత్తేశారు! చేతులెత్తించండి. ఇప్పటిదాకా ఓటులేని యూత్ కూడా వేస్తారు. ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళు వెళ్తారు. అయిపోతుంది."

"వాళ్ళు సవరించి ఎత్తేశారు," అన్నారు సెనేటర్ గారు. "మనమూ సవరించుకోవచ్చు. రెండు సభలూ ఒప్పుకోవాలి. ఆడవాళ్ళ సభ ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోం," అన్నారు ఎడమవైపు ఒక్కగొంతుతో. "నిన్నగాక మొన్న ఇచ్చిన సభ, అప్పుడే లాక్కుంటారా?"

నాలుగున్నర దాటింది. నేను ఆయన చెవిలో అన్నాను: "గడియారం ఆపేద్దాం మాస్టారూ. పాతకాలంలో శాసనసభలు గడువు దాటకుండా గడియారాలు ఆపేవాళ్ళని మీరే చెప్పారు కదా."

"కిందది ఆపుతావు తమ్ముడూ. పైది ఎవరు ఆపుతారు?"

అప్పుడు వెనక గోడకు జారబడి నిద్రపోతున్న ఆయన భార్య కళ్ళు తెరిచింది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చింది పాపం. లేచి తెల్లబూట్లతో టకటకా నడిచి మొగుడి ముందు నిలబడింది.

"ఏవండీ, మీరే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోండి. ఆ తెల్లవాళ్ళకి మనవాళ్ళలో ఎవరు ఎవరో తెలుసా? ఎన్నికయ్యానని చెప్పండి. ఎవరు అడుగుతారు?"

ఒక్కరు కూడా కాదనలేదు. ఆయన ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డారు.

"చివరి ఓటు," అని టోపీ తీశారు.

టోపీ వరసల వెంట నడిచింది. మామ్మగారి దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడ పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. అందరం ఊపిరి బిగబట్టాం. చీటీ మడిచి టోపీలో వేసి, "ప్రభువు ఇవ్వాళ వీలుకాదన్నాడు నాయనా, ఇంజినీరు గారిని పంపమన్నాడు," అంది. ఇంజినీరు గారు ఒక్క ఓటుతో గెలిచారు. టై సరిచేసుకుంటూ మెట్ల మీద పరుగెత్తారు. పైన ఆయన చెయ్యి లేచింది, హాలు మాకే దక్కింది. కింద ఆ రోజు తిన్న తిండి, పాడిన పాట మిచిగన్ అంతా వినబడి ఉండాలి.

ఆ చివరి ముచ్చట బాగుంది కదూ? నేనే కల్పించాను. మామ్మగారు పెన్సిలు పట్టుకున్నదాకా నిజం. ఆ తర్వాత ఆవిడ అన్న మాట, ఇంజినీరు గారి గెలుపు, హాలు దక్కడం, ఆ పాట — అంతా నా కల్పన. ఏళ్ళ తరబడి ఈ కథ విన్నవాళ్ళందరికీ ఇలాగే చెప్పాను. ఆయన కూతురికి చిన్నప్పుడు చెప్పిందీ ఇదే. అసలు జరిగింది ఇది.

మామ్మగారు ఎప్పుడూ రాసే పేరే రాసింది. ఇటెంతో అటంతే. అయిదుకు రెండు నిమిషాలుంది. సెనేటర్ గారు టోపీ బల్లమీద పెట్టి, కోటు గుండీ పెట్టుకుని మెట్లెక్కారు. నేను వెనకే వెళ్ళాను.

పొడవాటి బల్ల. చుట్టూ బోర్డువాళ్ళు. ఒక కుర్చీ ఖాళీ. తెల్లజుట్టు ఛైర్మన్ తలెత్తి చూసి, "ఆహ్, ద తెలుగు మెంబర్. వెల్‌కమ్, సర్. ప్లీజ్, సిట్," అన్నాడు. పాస్టరు గారు తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చుంటే చాలు. నోరు విప్పి అబద్ధం చెప్పనక్కర్లేదు, మోకాళ్ళు వంచితే చాలు.

ఆయన నడిచి వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలబడ్డారు. దాని వీపు మీద రెండు చేతులూ వేసి పట్టుకున్నారు.

"సర్, వియ్ హావ్ నాట్ ఎలెక్టెడ్," అన్నారు. "ద సీట్ ఈజ్ వేకెంట్. ఐ విల్ స్టాండ్."

"వియ్ డోంట్ మైండ్, సర్," అన్నాడు ఛైర్మన్, మెత్తగానే. "సిట్."

"థాంక్యూ. ఐ విల్ స్టాండ్."

ఓటు అడిగారు. చేతులు లేచాయి, దిగాయి. మళ్ళీ లేచాయి, దిగాయి. సమానం. ఛైర్మన్ తన చెయ్యెత్తాడు. అయిపోయింది. ఆయన ఆ కుర్చీని చప్పుడు కాకుండా బల్లకిందికి జరిపి, అందరికీ తలవంచి, బయటికి వచ్చారు.

మెట్ల మీద నేను ఆగలేకపోయాను. "ఏం మనిషండీ మీరు? ఒక్క నిమిషం కూర్చుంటే మీ సొమ్మేం పోయింది? హాలు పోయింది మాస్టారూ, హాలు!"

"నాకు చెవుడు లేదు తమ్ముడూ," అన్నారు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగారు. "నన్నెవరూ ఎన్నుకోలేదు. ఎలా కూర్చోను?"

కింద అందరూ లేచి నిలబడ్డారు. ఆయన ముఖం చూడగానే అర్థమైపోయింది. ఎవరూ అరవలేదు. అరుస్తారనే నేను అనుకున్నాను. ఆయన భార్య గోడవైపు తిరిగి ముఖం తుడుచుకుంది.

"కూర్చున్నారా?" అని అడిగారు డాక్టరు గారు.

"లేదు."

"అడగలేదా వాళ్ళు?"

"రెండుసార్లు అడిగారు," అన్నాను నేను.

డాక్టరు గారు తల దించుకున్నారు. సెనేటర్ గారు బల్ల దగ్గరికి వెళ్ళి టోపీ అందుకున్నారు. "ఓటు తేలలేదు కదా. ఇంకొకటి వేద్దాం," అన్నారు.

ఎందుకండీ, ఇక ఎక్కడ కూర్చోడానికి అని ఎవరో ఒకరు అనాలి. అనలేదు. అందరూ చీటీలు చించుకున్నారు. టోపీ వరసల వెంట నడిచింది. నేను విప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ చెప్పేది మీరు నమ్మరు, నా కోత అనుకుంటారు. అనుకోండి. మగవాళ్ళ వైపు నుంచి వచ్చిన చీటీల మీద వరసగా ఇంజినీరు గారి పేరు. ఎవరికీ అర్థంకాని ఆ గొలుసురాత ఎవరిదో నాకు తెలుసు, మందుల షాపువాళ్ళు తిట్టుకునే రాత అది. దాని మీదా ఇంజినీరు గారి పేరే. ఆడవాళ్ళ వైపు నుంచి వరసగా డాక్టరు గారి పేరు. మధ్యలో, కొలబద్ద పెట్టి గీసినట్టు పెద్దక్షరాల్లో, డ్రాయింగులు గీసే చెయ్యి రాసిన డాక్టరు గారి పేరు. ఆఖరున మామ్మగారి చీటీ, ఎప్పటిలాగే యేసుప్రభువు పేరు.

ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇటెంతో అటంతే," అన్నారు చివరికి. "ఎన్నిక జరగలేదు. ఈ సభ వచ్చే ఆదివారానికి వాయిదా."

ఎక్కడ అని ఎవరూ అడగలేదు.